ఎర్ర కోటు దొంగ ఎటు పోయింది?

సోషల్ సార్‌ను అడగండి: పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ నుంచి ఒక పాత సోషల్ టీచర్ జవాబులు

పోయిన సంచికలో పాత అట్లాసులను అటకెక్కించకండి అని రెండు పేజీలు రాశాను. అందులో మాటవరసకు, కంప్యూటర్లో దొంగను పట్టే ఆట ఒకటి ఉండేదని, దాని కోసమే మా పిల్లలు అట్లాసు చింపేదాకా తిరగేశారని ఒకే ఒక్క వాక్యం ఉంది. వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ అన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. అట్లాసు సంగతి ఒక్కరూ అడగలేదు. సరే, ఈసారి పేజీ అంతా ఆ దొంగకే ఇద్దాం.

ప్రశ్న: సార్, నమస్తే. 1998లో హనుమకొండలో ఇంటర్ చదివేటప్పుడు ఒక కంప్యూటర్ సెంటర్లో ఆ ఆట నేనూ చూశాను. ఎర్ర కోటు, పెద్ద టోపీ పెట్టుకున్న ఒకామె దేశాలు పట్టుకుని తిరుగుతుంటే మనం వెంటపడాలి. పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మా పాపకు పదకొండేళ్లు, దానికి చూపించాలని ఉంది. ఇప్పుడు ఆడినా బాగుంటుందా, జ్ఞాపకంలోనే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, ఆమె పేరు కార్మెన్ శాండియాగో. ఆట పేరు ‘వేర్ ఇన్ ద వరల్డ్ ఈజ్ కార్మెన్ శాండియాగో?’. కాలిఫోర్నియాలోని బ్రోడర్‌బండ్ అనే కంపెనీ 1985లో ముందు ఆపిల్-2 కంప్యూటర్ కోసం తెచ్చింది. తర్వాత డాస్ అనే పాత కంప్యూటర్ సిస్టమ్ మీద నడిచేదీ వచ్చింది, మనదాకా చేరింది అదే. కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కిన మనిషి కాబట్టి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కూడా మీరు ఆడే ఉంటారు. ముళ్ల గుంటలో పడి చచ్చే ఆ రాకుమారుణ్ని 1989లో వదిలిందీ ఈ కంపెనీయే.

కథ చిన్నదే. మనం ఆక్మే అనే డిటెక్టివ్ ఏజెన్సీలో కొత్తగా చేరిన వాళ్లం. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కేసు చేతికొస్తుంది. ఎక్కడో ఏదో పోయింది, దొంగ పారిపోయాడు, ఆదివారం సాయంత్రం ఐదు లోపు పట్టుకోవాలి. ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడిగితే తలా ఒక ముక్క చెబుతారు. డబ్బును యెన్‌లోకి మార్చుకున్నాడని ఒకరు, ఫలానా రంగుల జెండా ఉన్న విమానం ఎక్కాడని ఇంకొకరు. ఊరి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. అది మనం తేల్చుకుని విమానం ఎక్కాలి. తప్పు ఊరికి వెళితే అక్కడ ఎవరినడిగినా అటువంటి మనిషిని చూడలేదంటారు. మళ్లీ వెనక్కి రావాలి, గంటలు కరిగిపోతాయి. మొత్తం ముప్పై ఊళ్లు. కార్మెన్‌తో కలిపి పదిమంది దొంగలు. మన ర్యాంకు పెరిగినకొద్దీ వెంటపడాల్సిన ఊళ్లూ పెరుగుతాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వారంటు. దొంగను చేరితే చాలదు. జుట్టు ఏ రంగు, హాబీ ఏమిటి, ఏ బండి నడుపుతాడు, ఒంటి మీద గుర్తేమిటి అన్నవి కంప్యూటర్లో పెడితే పదిమందిలో ఒక్కరు మిగలాలి. అప్పుడే వారంటు చేతికొస్తుంది. అది లేకుండా పట్టుకుంటే దొంగను వదిలెయ్యాల్సిందే. మా బడిలో ఏడో తరగతి వాళ్లకు ఇది ఎంత ఎక్కిందంటే, క్లాసులో ఉసిరికాయ నములుతున్న ఒకడిని లేపి నిలబెడితే, నోట్లో ఉసిరికాయతోనే “సార్, వారంటు ఉన్నదా?” అని అడిగాడు. నా దగ్గర లేదు. కూర్చోబెట్టాను.

మీరు చూసిన సెంటరూ నేను వెళ్లినదీ ఒకటో కాదో తెలియదు కానీ, అన్నీ ఒకలాగే ఉండేవి. కింద జిరాక్సు షాపు, పక్కనుంచి ఇరుకు మెట్లు. గుడి ముందు విడిచినట్టు చెప్పులు బయటే విడవాలి. లోపల ఏసీ చల్లదనం, మానిటర్ల మీద కుట్టించిన గుడ్డ తొడుగులు. గంటకు ఇరవై రూపాయలు. 1997 ఎండాకాలం సెలవుల్లో ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ని. అందరం ఒక్క కంప్యూటర్ ముందే. ఇంగ్లిష్ బాగా వచ్చిన అమ్మాయి చదివేది, ఒకడు అట్లాసు పట్టుకునేవాడు, ఒకడు నోట్‌బుక్‌లో దొంగ గుర్తులు రాసేవాడు, మిగతా ముగ్గురు అరిచేవాళ్లు.

ఒకరోజు మొరోని అనే ఊరు వచ్చింది. “సార్, గీ మొరోని ఏడుంటది?” అన్నాడు అట్లాసువాడు. నాకూ తెలియదు. నాకు తెలియదని వాళ్లకు తెలియకూడదు కాబట్టి, “నువ్వే వెతుకు, అప్పుడే గుర్తుంటది” అన్నాను. ముందు ఇటలీలో వెతికారు, పేరు అలా ఉందని. తర్వాత దక్షిణ అమెరికా. ఇరవై నిమిషాలు. చివరికి ఆఫ్రికా తూర్పు తీరానికీ మడగాస్కర్‌కూ నడుమ కొమొరోస్ దీవుల్లో దొరికింది. అదీ సరిగ్గా అట్లాసు మధ్యలో పిన్ను కొట్టిన చోట, పిన్ను కింద చుక్కలా! గోరుతో పిన్ను లేపి చూశారు. ఆ ఆరుగురిలో ఇప్పుడు ఇద్దరు విదేశాల్లో ఉన్నారు. ఎప్పుడు కలిసినా రాజధానులేమీ గుర్తు లేవంటారు కానీ పిన్ను కింద ఊరు మాత్రం చెబుతారు.

ఇంకో విషయం అప్పుడు గమనించలేదు, ఇప్పుడు మళ్లీ ఆడుతుంటే పట్టుబడింది. ఆ ఆటలో గడియారం మనం ఎవరినైనా అడిగినప్పుడో, విమానం ఎక్కినప్పుడో, రాత్రి నిద్రపోయినప్పుడో, ఇలా ఏదైనా పని చేసినప్పుడే కదులుతుంది. అట్లాసు తిరగేసినంతసేపూ ఆగే ఉంటుంది. ఇప్పటి క్విజ్ యాప్‌లు పది సెకన్లు, ఐదు, నాలుగు అని పిల్లల ప్రాణం తోడేస్తాయి. తెలిసినవాడు నొక్కుతాడు, తెలియనివాడు గుడ్డిగా నొక్కుతాడు, వెతికేవాడికి చోటే లేదు. ఇది మాత్రం ‘వెతుక్కో, నేను ఆగుతా’ అంటుంది. అమెరికాలో ఆట కొన్న వాళ్లకు డబ్బాలోనే ‘వరల్డ్ ఆల్మనాక్’ అనే లావుపాటి పుస్తకం కూడా ఇచ్చేవాళ్లు, అందులో చూసి ఆడమని. మనకు వచ్చింది చేతులు మారి మారి వచ్చిన ఫ్లాపీ కాబట్టి పుస్తకం ఎక్కడిది? మేం ఆల్మనాక్ బదులు ఇయర్ బుక్‌తో నెట్టుకొచ్చాం. ఆట ఆగే ఉండేది సరే, సెంటర్ వాళ్ల గడియారం మాత్రం ఆగేది కాదు. ఆ మొరోని నాకు సుమారు ఏడు రూపాయలు పడింది.

ఇక మీ అసలు ప్రశ్న. పోయిన నెల మా మనుమరాలితో కలిసి మళ్లీ ఆడాను. బొమ్మలు చూసి అది నవ్వింది, మీ పాప కూడా నవ్వుతుంది. ముతక గళ్లు, నాలుగైదు రంగులు, పీకు పీకుమనే చప్పుడు. మొదటి రెండు కేసులు తల ఎత్తకుండా ఆడింది. ఆరో కేసుకు వచ్చేసరికి పాత క్లూలే తిరిగి రావడం మొదలైంది. ఫోరింట్ అంటే బుడాపెస్ట్, కీనా అంటే పోర్ట్ మోర్స్‌బీ అని చిలకలా చెప్పి బటన్ నొక్కేస్తోంది. అక్కడితో ఆట అయిపోయినట్టే. కాబట్టి వారానికి ఒక్క కేసు చాలు, పక్కన కాగితపు అట్లాసు ఉండాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. అలా అయితే ఒక ఎండాకాలం గడుస్తుంది. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీ జ్ఞాపకంలో ఉన్నంత పెద్ద ఆట కాదది.

ప్రశ్న: మీ మాట విని మా బాబుతో ఆ ఆట ఆడించాను. అందులో సోవియట్ యూనియన్ అంటారు, పీకింగ్ అంటారు, ఫ్రాన్సుకు వెళ్లి ఫ్రాంకులు మార్చుకోమంటారు. పరీక్షలో అదే రాసివస్తే మార్కులు ఎవరిస్తారు? ఇలాంటి పాత సరుకు పిల్లలకు అంటగట్టడం ఎంతవరకు న్యాయం?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: కోపం న్యాయమైనదే. కానీ పాత సరుకు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. 1985లో సోవియట్ యూనియన్ ఉంది. 1991 డిసెంబరులో లేకుండా పోయింది. ఫ్రాంకు, ఇటలీ లీరా, గ్రీసు డ్రాక్మా ఇవన్నీ జేబుల్లో తిరిగినవే. 2002 జనవరి 1 నుంచి యూరో నోట్లూ నాణేలూ వచ్చి వాటిని పక్కకు నెట్టాయి. ఆటలో ఉన్న బుడ్డ దేశం సాన్ మారినోలో కూడా ఇప్పుడు యూరోనే. పీకింగ్ సంగతి ఇంకో రకం. చైనావాళ్ల నోట్లో ఆ ఊరి పేరు మారలేదు, ఇంగ్లిష్‌లో రాసే పద్ధతి మారింది. హంగరీ ఫోరింట్ మాత్రం అప్పుడూ ఫోరింటే, ఇప్పుడూ ఫోరింటే. రువాండా జెండా 2001లో మారింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల నడుమ ఒక అక్షరం ఉండేది పాత జెండా. కొత్తదాంట్లో నీలం, పసుపు, ఆకుపచ్చ, మూలన సూర్యుడు. అది ఎందుకు మారిందో చెప్పాలంటే 1994లో అక్కడ జరిగిన మారణకాండ గురించి మాట్లాడాలి. ఆ సంగతి మీ బాబు వయసును బట్టి మీరే చూసుకోండి.

ఇప్పుడు దగ్గరి సంగతి. నేను ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. గుమ్మం కూడా మార్చలేదు. బడిలో పిల్లల చేత ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలని బట్టీ పట్టించాను, వరంగల్ జిల్లా అని అడ్రసు రాసుకున్నాను. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరులో వరంగల్ అర్బన్ జిల్లా అన్నారు. 2021లో హనుమకొండ జిల్లా అన్నారు. ఇల్లు కదలకుండానే ఒక రాష్ట్రం, రెండు జిల్లాలు దాటాను. మీ జనగామ సంగతీ అంతే కదా, 2016 దాకా మాతోనే ఉండి, ఆ తర్వాత మీరే ఒక జిల్లా అయ్యారు. ఆ ఏడు నా దగ్గర చదివిన పిల్లలను ఏ జిల్లాలో ఉన్నామని అడిగితే, ప్రతి క్లాసులో ఒక్కొక్కడు ఒక్కోటి చెప్పేవాడు. అందరూ కరెక్టే, తేదీ అడిగితే చాలు.

అందుకని మీ బాబుకు ఒక ఎర్ర పెన్ను ఇవ్వండి. ఆట చెప్పిన ప్రతి విషయాన్నీ నోట్‌బుక్‌లో రాసి, ఇప్పటికీ అదేనా అని అట్లాసులో చూసి, మారితే పక్కన ఏ ఏడు మారిందో రాయమనండి. మా మనుమరాలు రెండు కేసుల్లో పదకొండు తప్పులు పట్టింది. దొంగను పట్టినప్పటికన్నా ఆటను పట్టినప్పుడే దాని ముఖం వెలిగింది. పరీక్ష మార్కుల కోసం మాత్రం ఈ ఆటను నమ్మకండి. దానికి టెక్స్ట్ బుక్కు ఉంది, అది సరిపోతుంది.

అయితే ఈ ఆటలో మీరు చూడని అసలు గుంట ఒకటుంది. అందులో నేనే పడ్డాను. ఆ ముప్పై ఊళ్లలో చాలావరకు రాజధానులే. ఏథెన్స్, కైరో, లిమా, ఓస్లో, టోక్యో. ఆడి ఆడి అన్నీ రాజధానులే అనిపిస్తాయి. కానీ ఇస్తాంబుల్, సిడ్నీ, రియో, న్యూయార్క్, మాంట్రియల్ కావు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద నేను ధీమాగా ‘టర్కీ: ఇస్తాంబుల్’ అని రాశాను. అంకారా అని నాకు తెలుసు, డిగ్రీలో చదివాను. చెయ్యి మాత్రం ఆటనే రాసింది. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, “సార్, మీరు రాసింది తప్పు” అనలేదు. “సార్, పుస్తకంల వేరే ఉన్నది, ఒకసారి చూస్తరా?” అంది. ఎంత మర్యాద! ఆ రోజు నుంచి ఆట మొదలుపెట్టే ముందు ఆ ఐదు ఊళ్లకూ పిల్లల చేత అసలు రాజధానులు రాయిస్తాను. అంకారా, కాన్‌బెర్రా, బ్రసీలియా, వాషింగ్టన్, ఒట్టావా. రియో 1960 దాకా రాజధానే, కాబట్టి దాన్ని సగం మాఫ్ చేయొచ్చు.

మనవాళ్లకు మాత్రమే తగిలే చిక్కు ఇంకోటి. దొంగ డబ్బును రూపాయల్లోకి మార్చుకుందని క్లూ వస్తే అమెరికా పిల్లవాడు పుస్తకం తీస్తాడు. మనవాడు తియ్యడు. “ఢిల్లీ!” అని అరిచి నొక్కేస్తాడు. ఆటలో కొలంబో ఉంది, ఖాట్మండు ఉంది. అక్కడా రూపాయలే. మన జేబులో ఉన్న రూపాయే లోకమంతా రూపాయి అనుకుని మా బ్యాచ్ కనీసం రెండుసార్లు ఉత్తపుణ్యానికి ఢిల్లీ వెళ్లి వచ్చింది.

ప్రశ్న: నా దగ్గర పాత ఫ్లాపీ ఉంది కానీ పెట్టడానికి డ్రైవ్ లేదు. ఈ ఆట ఇప్పటి ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఫ్లాపీని జ్ఞాపకంగా దాచుకోండి. మాది 1999లోనే పోయింది. సెంటర్లో ఎవరో దాన్ని స్పీకర్ మీద పెట్టారు, స్పీకర్లో అయస్కాంతం ఉంటుందన్న సంగతి ఆ తర్వాత నేర్చుకున్నాం. ఇప్పటి విండోస్ పాత డాస్ ఆటను నేరుగా నడపదు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే అది కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌లా నటిస్తుంది. అదంతా ఎందుకనుకుంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ వాళ్లు 2015 జనవరిలో రెండు వేలకు పైగా పాత డాస్ ఆటలను బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టారు. అక్కడ వెతకండి. ఫోన్లో మాత్రం ప్రయత్నించకండి, కీబోర్డు లేక వేళ్లు నొప్పి పుడతాయి. కొత్తగా 2025లో ‘కార్మెన్ శాండియాగో’ అనే పేరుతోనే ఇంకో ఆట వచ్చింది, అప్పుడు ఫోన్లోనూ వచ్చింది. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉంటాయి. నాకైతే ఆ తళుకులో అట్లాసుకు పని తగ్గినట్టనిపించింది. ఇది ముసలివాడి మాట, సగం తగ్గించి వినండి.

ప్రశ్న: దొంగను హీరోయిన్ చేసి పిల్లలకు చూపించడం మీకు సబబుగా ఉందా? మా మనుమడు ఇప్పుడు ఎర్ర కోటు కావాలంటున్నాడు.
– ఒక నానమ్మ, కరీంనగర్

జవాబు: కోటే కదా అమ్మా, కుట్టించండి. మన ఎండలకు రెండు రోజుల్లో తనే విప్పేస్తాడు. నవ్వులాటకు కాదు గానీ, ఆ మొదటి ఆటలో పిల్లవాడు ఎప్పుడూ పోలీసు పక్షమే, దొంగ పక్షం కాదు. తర్వాత తర్వాత ఆమె మీద జనానికి ఇష్టం పెరిగింది. 2019లో వచ్చిన కార్టూన్ సీరియల్‌లో ఆమె దొంగల ముఠా నుంచి బయటికొచ్చి, దొంగల దగ్గరే దొంగిలించే మనిషి అయింది. 2025 ఆటలోనైతే మనమే కార్మెన్. మనవాళ్లు కృష్ణుడి వెన్న దొంగతనాన్ని ఇన్నేళ్లుగా పాడుకుంటున్నారు, ఈమెను మాత్రం ఏమనగలం?

ప్రశ్న: సార్, నేను పరకాల దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తాను. మా బడిలో నాలుగు కంప్యూటర్లున్నాయి, ఒక్కటీ ఆన్ కాదు. మీరు చెప్పిన ఆట మా పిల్లలతో కాగితం మీద ఆడించే దారి ఉందా? ప్రపంచం కాకుండా మన చుట్టుపక్కల ఊళ్లతో?
– ఒక టీచరమ్మ

జవాబు: మేడమ్, ఈ సంచికలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. పైన చెప్పిన ఫ్లాపీ చచ్చిపోయిన ఎండాకాలం మేం సరిగ్గా ఇదే చేశాం.

ముందు పెళ్లి శుభలేఖలు పోగు చేయండి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక ప్రతి ఇంట్లో ఒక కట్ట ఉంటుంది. దళసరి అట్ట, వెనక ఖాళీ, పైసా ఖర్చు లేదు. ఒక్కో కార్డు వెనక ఒక్కో ఊరు రాయండి, ఇంకో కట్ట మీద దొంగలను రాయండి. దొంగకు నాలుగు గుర్తులు చాలు: బండి, హాబీ, ఒంటి మీద గుర్తు, ఆడా మగా. మా దొంగలు లూనా మీద, బుల్లెట్ మీద, ఆటోలో తిరిగేవాళ్లు. రేస్ కారు పెడదామని ఒకడన్నాడు కానీ, మన రోడ్ల మీద రేస్ కారులో పారిపోయే దొంగను పట్టడం మరీ తేలికని తోటివాళ్లు ఒప్పుకోలేదు.

కష్టమంతా క్లూ రాయడంలోనే. నేను మొదట రాసిన క్లూ ‘గోదావరి ఒడ్డున గుడి ఉన్న ఊరు’. సగం బ్యాచ్ బాసర అంది, సగం ధర్మపురి అంది, ఒకడు కాళేశ్వరం అన్నాడు. ముగ్గురిదీ కరెక్టే, కొట్టుకున్నారు. క్లూ అంత వెడల్పుగా ఉండకూడదు. అలాగని ‘ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు’ అంటే టెక్స్ట్ బుక్కులో ఉన్న వాక్యమే, బట్టీ పట్టినవాడు ఠక్కున చెప్పేస్తాడు. రెండు క్లూలు విడివిడిగా పదిచోట్లకు చూపించాలి, కలిపి చదివితే ఒక్కచోటే ఆగాలి. ‘గోదావరి ఒడ్డు’ అని ఒక సాక్షి చెప్పాలి. ‘ఒక్క పానవట్టం మీద రెండు లింగాలకు మొక్కి వచ్చిండు’ అని ఇంకో సాక్షి చెప్పాలి. అప్పుడు కాళేశ్వరం తప్ప ఇంకో దారి లేదు. రామప్పకు మేం రాసింది: ‘దేవుడి పేరుతోని కాదు, చెక్కిన శిల్పి పేరుతోని పిలిచే గుడి.’ దానికి జతగా ‘నీళ్లలో వేస్తే తేలే ఇటుక కావాలని అడిగిండు’. ఆ గుడిని 1213లో కట్టారన్నది పిల్లలు తర్వాత వాళ్లంతట వాళ్లే వెతుక్కున్నారు. అప్పటికి యునెస్కో గుర్తింపు ఎక్కడిది, అది 2021లో వచ్చింది.

మీరు నాలుగు రోజులు రాశాక ఆపేసి, క్లూలు రాసే పని పిల్లలకే అప్పజెప్పండి. ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది, క్లాసులో నోరు విప్పేది కాదు. అది రాసిన క్లూ ఇది: ‘ఆ ఊళ్ల బంగారం కిలో పదిహేను రూపాయలు. దొంగ కొన్నడు గానీ ఎత్తుకపోలేదు, అక్కడనే ఇడిసిపెట్టిండు.’ క్లాసంతా తల గోక్కుంది. ఖమ్మం నుంచి మా బడికి కొత్తగా వచ్చిన సైన్సు సార్ కూడా ఓడిపోయాడు. మేడారం! అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు, ఎత్తు బంగారం తూచి గద్దె దగ్గర సమర్పించి వస్తారు. అలాంటి క్లూ ఏ అట్లాసులోనూ దొరకదు. అది ఆ పిల్ల ఇంట్లోనే దొరికింది. మీ బడిలో కూడా ఉంటుంది, అడిగితే బయటికొస్తుంది.

దూరాలు తప్పకుండా పెట్టండి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని గంటలో బస్సు టైములు చూసి రాయించండి. మా పిల్లలు బస్టాండుకు పోయి కంట్రోలర్‌ను విసిగించి మరీ రాసుకొచ్చారు. దొంగ కన్నా ఆయన పేరే వాళ్లకు ఎక్కువ గుర్తు. పెంబర్తి వెళ్లి ఇత్తడి రేకు పనివాళ్లను అడిగిన సాక్షి, సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడులో సగమే వినిపించిన సాక్షి, ఇలా ప్రతి ఊళ్లో ఆ ఊరి పని చేసుకునే మనిషి నోటితోనే క్లూ చెప్పించండి. కంప్యూటర్ ఆట ఒక్క విషయంలో మాత్రం మనకన్నా మేలు: అది పక్షపాతం చూపదు. మీరు నడుపుతుంటే, “మేడమ్ వాళ్లకే ఈజీ క్లూ ఇస్తున్నది” అనే పంచాయితీ రోజూ ఉంటుంది. దానికి నా దగ్గర మందు లేదు.

మచ్చుకు ఒక కేసు ఇస్తున్నాను. మీ పిల్లలతో పాటు మిగతా పాఠకులు కూడా ప్రయత్నించవచ్చు.

సోమవారం పొద్దున తొమ్మిది. వరంగల్ కోటలో తోరణం మీది రాతి హంస ఒకటి కనబడటం లేదు. అనుమానితులు నలుగురు. లూనా లచ్చవ్వ: లూనా నడుపుతుంది, క్యారమ్స్ పిచ్చి, ముక్కుపుడక. బుల్లెట్ భూమయ్య: బుల్లెట్ బండి, ఈత, వేలికి పాము ఉంగరం. ఆటో ఐలయ్య: ఆటో, క్యారమ్స్, వేలికి పాము ఉంగరం. చేతక్ చంద్రవ్వ: చేతక్ స్కూటర్, ఈత, ముక్కుపుడక.

కోట దగ్గర మక్క కంకులు కాల్చే అవ్వ: “పైసలిచ్చేటప్పుడు చూసిన, వేలికి పాము ఉన్నది. నీ మనుమరాలికి సీతాఫలం తెస్త అన్నడు. తినేది కాదట, కట్టెతోని చేసిందట. రంగు చూస్తే నిజం పండే అనుకోవాలట.”

అతను వెళ్లిన ఆ ఊళ్లో బొమ్మలకు రంగులేసే ఆయన: “హంసను చూపెట్టి గిట్లాంటిది కట్టెల చెక్కుతరా అని అడిగిండు. టైము లేదు, కోడెను కట్టేసే మొక్కు బాకీ ఉన్నది, తీర్చుకోని వస్త అన్నడు.”

ఆ రెండో ఊళ్లో గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆమె: “గుండంల మూడు మునకలేసి వస్తడనుకుంటే ఈ కొసకెల్లి ఆ కొసకు ఈత కొట్టవట్టె! అందరు తిట్టిన్రు. ఇగ రైలెక్కి ఉత్తరం దిక్కు పోతడట. ఊరి పేరులనే సరుకున్నదట, తడిస్తే మాత్రం పనికిరాదట.”

మూడు ఊళ్ల పేర్లు, దొంగ పేరు, ఏ రెండు గుర్తుల మీద వారంటు అడుగుతున్నారో రాసి పంపండి. వారంటు లేకుండా దొంగ పేరు ఒక్కటే పంపితే ఆయన్ని వదిలెయ్యాల్సి వస్తుంది.